ఒత్తిడి పంపుది కాదు, పత్తిది

గుంటూరు, చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లుల్లో సుమారు 5 క్వింటాళ్ల పత్తి ఆడిస్తే, గింజ పోను మిగిలే దూది ఒక బేలు అవుతుంది. బరువు 170 కిలోలు. గుట్టగా పడ్డ ఆ దూదిని గట్టి దిమ్మెలా బిగించేది హైడ్రాలిక్ ప్రెస్సు. దానికి నూనె తోసేది పిస్టన్ పంపు.

1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా ఈ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో అది నీళ్లతో నడిచేది. సందుల్లోంచి నీరు కారకుండా ఆపిన తోలు సీలు ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే పనితనమని చెబుతారు. నీటి స్థానంలోకి నూనె 20వ శతాబ్దంలో వచ్చింది. 1906లో అమెరికా యుద్ధనౌక వర్జీనియాలో ఫిరంగులను కదిలించింది నూనే.

ఇప్పటి పంపు విప్పితే గుండ్రటి బ్యారెల్‌లో 9 పిస్టన్లు కనిపిస్తాయి. వాటి అడుగున వాలుగా ఒక పలక ఉంటుంది. బ్యారెల్ తిరిగేకొద్దీ పిస్టన్లు ఆ వాలు వెంట ముందుకూ వెనక్కీ ఆడతాయి. ఒక్కొక్కటి 7 సీసీ తోస్తే చుట్టుకు 63 సీసీ. నిమిషానికి 1440 చుట్లంటే దాదాపు 90 లీటర్లు.

పంపు ఇచ్చేది ఈ ప్రవాహమే. ఒత్తిడిని పుట్టించేది ఎదురు తిరిగే దూది. డిజైన్ చేసేవాళ్లు మొదట పట్టుకోవలసింది ఇదే. బార్లలో ఒత్తిడిని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 200 బార్లు, 90 లీటర్లంటే 30 కిలోవాట్లు. పంపు సామర్థ్యం 85 శాతమైతే మోటారు నుంచి 35 కిలోవాట్లు కావాలి, అంటే 50 హెచ్‌పీ మోటారు పెట్టాలి.

కానీ వదులు దూది 200 బార్లు అడగదు, చివర్లోనే అడుగుతుంది. అందుకని ఒత్తిడి పెరిగేకొద్దీ పలక వాలు తగ్గి, పిస్టన్లు తోసే నూనె తగ్గేలా చేస్తారు. 80 బార్ల దగ్గర 90 లీటర్లు, 200 బార్ల దగ్గర 36 లీటర్లు: రెండుచోట్లా 12 కిలోవాట్లే. 20 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. బదులుగా వేగం పోతుంది: దూదిని నొక్కే 25 సెంటీమీటర్ల వ్యాసమున్న రామ్ ఆఖరి 30 సెంటీమీటర్లు దిగడానికి 10 సెకన్లకు బదులు 25 పడుతుంది. నా లెక్కలో ఇది మంచి బేరం.

మిగిలింది నష్టం. 12 కిలోవాట్ల పనికి మోటారు 14 ఇస్తే, ఆ తేడా దాదాపుగా నూనెకు వేడిగా ఎక్కుతుంది. సీజన్ ఎండల్లోకి సాగితే నూనె పలచబడి పిస్టన్ల పక్కనుంచి జారిపోతుంది, రామ్ ఇంకా నెమ్మదిస్తుంది. గుంటూరులో పెట్టే పంపుకు ఆయిల్ కూలర్ సైజు కూడా మోటారుతో పాటే లెక్కగట్టాలి.