ఆర్డరు చేతికొచ్చేదాకా

"అక్కా, నేనింకా ఆరు నెలలు ప్రొబేషన్‌లోనే ఉండాలంట!"

మా వీధి అమ్మాయి చంటిబిడ్డను చంకనేసుకొచ్చి ఈ మాట అనగానే మా అత్తగారు గాభరా పడ్డారు. ప్రొబేషన్ అంటే నేరం చేసినవాళ్లకని ఆవిడ ఎక్కడో విన్నారు. అదీ నిజమే. నేరం రుజువైనా జైలుకు పంపకుండా మంచి నడవడిక మీద వదిలిపెట్టడానికి 1958 నాటి చట్టమొకటి ఉంది. పరీక్షించి చూడటమనే అర్థమున్న లాటిన్ మాట కోర్టుకూ, ఆఫీసుకూ కూడా పనికొచ్చింది మరి!

ఈ అమ్మాయి మా డోన్‌లో సచివాలయ ఉద్యోగి. 2019 అక్టోబరులో రాష్ట్రమంతటా లక్షమందికి పైగా చేరారు చూడండి, వాళ్లలో ఒకతె. నెలకు 15 వేలు, రెండేళ్లు ప్రొబేషన్, ఆ తర్వాతే పూర్తి జీతం. 2021 అక్టోబరుకు రెండేళ్లు నిండాయి. కానీ మధ్యలో కాన్పు సెలవు పెట్టింది కదా, ఆ ఆరు నెలలు లెక్కలోకి రావన్నారట.

"జీతంతో ఇచ్చిన సెలవే కదక్కా?"

సెలవు హక్కే. కానీ మన సర్వీసు రూల్స్ అడిగేది మూడేళ్ల లోపల రెండేళ్ల డ్యూటీ. సెలవు డ్యూటీ కాదు. పని చూడాలంటే మనిషి పనిలో ఉండాలి, అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. ఈ సంగతి చేరిన రోజే చెప్పకపోవడమే నాకు నచ్చదు. నా రోజుల్లో నాకూ ఎవరూ చెప్పలేదు. నెలలు నిండేదాకా ఆఫీసు మెట్లెక్కాను, సెలవడిగితే ఉద్యోగం పోతుందేమోనని! ప్రొబేషన్ పొడిగిస్తారు గాని, కాన్పుకెళ్లిందని తీసెయ్యరు. అందుకే చేరిన కాగితం, సెలవు మంజూరు కాగితం నకళ్లు దగ్గర పెట్టుకోండి. సర్వీసు రిజిస్టరులో ఆ తేదీలు ఎక్కాయో లేదో అడిగి చూసుకోండి. ప్రొబేషన్ పూర్తయినట్టు ఆర్డరు రావాలి, రోజులు నిండితే చాలదు.

ఆ ఆర్డరు కోసం అందరూ ఎదురు చూడాల్సే వచ్చింది. 2022 జనవరిలో నిరసనలు జరిగాయి. జూన్ నెలాఖరుకు ఖరారు చేస్తామన్నారు. ఈలోగా ఏప్రిల్‌లో మా ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి మారింది గాని, ఆర్డరు మాత్రం కదల్లేదు! చివరికి జూలై నుంచి కొత్త జీతం. మా అమ్మాయి ఆరు నెలలూ ఆ ఆలస్యంలోనే కలిసిపోయాయి. అందరితోపాటే వచ్చింది.

ఆర్డరు జిరాక్సు తెచ్చి చూపిస్తే మా అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే విడుదలైనట్టేనా తల్లీ?" అన్నారు.