1991 వరల్డ్ సిరీస్ ఏడవ ఆట

1991 అక్టోబరు 27న అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో మిన్నెసోటా ట్విన్స్, అట్లాంటా బ్రేవ్స్ జట్ల మధ్య జరిగిన బేస్‌బాల్ ఆట ఇది. ట్విన్స్ పిచర్ జాక్ మోరిస్ పది ఇన్నింగ్స్‌లలోను తానొక్కడే బంతులు విసిరి, ప్రత్యర్థికి ఒక్క పరుగైనా ఇవ్వలేదు. ట్విన్స్ 1-0 తేడాతో గెలిచి ఆ యేటి ఛాంపియన్ అయినది.

కంప్లీట్ గేమ్ అనగా

బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాడిని పిచర్ అంటారు. క్రికెట్ బౌలరు ఓవరు ముగియగానే విశ్రమించి, కొంతసేపటికి మరల రావచ్చును. పిచర్‌కు ఆ వీలు లేదు. ఆట నుండి ఒకసారి తప్పిస్తే ఆనాటికి తిరిగి రాలేడు. ప్రతి జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్‌లు, ఒక్కొక్క ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు ఉంటాయి. పరుగులు సమానమైతే అదనపు ఇన్నింగ్స్‌లు ఆడతారు. తన జట్టు తరఫున మొదటి బంతి నుండి చివరి బంతి వరకు ఒకే పిచర్ విసిరితే దానిని కంప్లీట్ గేమ్ అంటారు.

నేపథ్యం

1990లో ఈ రెండు జట్లూ తమ తమ విభాగాలలో చిట్టచివరి స్థానంలో ఉండటం విశేషం. సిరీస్‌లో చెరి మూడు ఆటలు గెలవడంతో ఏడవ ఆట నిర్ణాయకమైనది. మోరిస్ వయస్సు అప్పటికి 36 సంవత్సరాలు. పొరుగునే ఉన్న సెయింట్ పాల్ అతని జన్మస్థలం. సిరీస్‌లో అతనికిది మూడవ ఆట. నాలుగవ ఆట తరువాత మూడు రోజుల విశ్రాంతి మాత్రమే దొరికినది. అట్లాంటా పిచర్ జాన్ స్మోల్ట్జ్ 24 ఏళ్ల యువకుడు.

ఎనిమిదవ ఇన్నింగ్స్

ఏడు ఇన్నింగ్స్‌లు గడిచినా ఎవరికీ పరుగు రాలేదు. ఎనిమిదవ దానిలో అట్లాంటా ఆటగాడు లానీ స్మిత్ మొదటి బేస్ చేరాడు. తరువాత టెర్రీ పెండిల్టన్ బంతిని దూరంగా కొట్టాడు. స్మిత్ ఆగకుండా పరుగెత్తి ఉంటే హోమ్ ప్లేట్ చేరి పరుగు సాధించేవాడే. కాని ట్విన్స్ ఆటగాడు చక్ నాబ్లాక్ బంతి తన చేతిలోనే ఉన్నట్లు నటించాడు. స్మిత్ రెండవ బేస్ వద్ద తటపటాయించి, మూడవ బేస్ వద్దనే ఆగిపోయాడు.

అయినను ప్రమాదం తొలగలేదు. రెండవ, మూడవ బేస్‌లపై మనుషులున్నారు, ఒక్క అవుటూ కాలేదు. మోరిస్ మొదట రాన్ గాంట్‌ను అవుట్ చేశాడు. డేవిడ్ జస్టిస్‌ను కావాలనే మొదటి బేస్‌కు పంపి, బేస్‌లన్నీ నింపాడు. ఇది పిచర్లు తెలిసి చేసే సాహసం: ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేసే అవకాశం దీనివలన పెరుగుతుంది. అలాగే జరిగినది. సిడ్ బ్రీమ్ కొట్టిన బంతిని మొదటి బేస్ వద్ద కెంట్ హర్బెక్ అందుకొని హోమ్ ప్లేట్‌కు విసరగా, అది తిరిగి అతని చేతికే వచ్చి ఇద్దరూ అవుటయ్యారు. అదే ఇన్నింగ్స్‌లో స్మోల్ట్జ్‌ను తప్పించి అట్లాంటా వేరొక పిచర్‌ను దింపినది.

పదవ ఇన్నింగ్స్

తొమ్మిది ఇన్నింగ్స్‌లు ముగిశాక ట్విన్స్ మేనేజర్ టామ్ కెల్లీ, మోరిస్‌కు ఇక చాలని చెప్పబోయాడు. మోరిస్ ఒప్పుకోలేదు. అలసిన పిచర్‌ను ఉంచి ఓడితే నింద మేనేజర్‌దే. అయినా కెల్లీ ఉంచాడు. మోరిస్ ముగ్గురిని వరుసగా అవుట్ చేశాడు. అతడు మొత్తం 126 బంతులు విసిరాడు.

పిచర్ ఎంత గొప్పగా విసిరినా, తన జట్టు పరుగు చేయనిదే గెలుపు లేదు. ఆ పరుగు డాన్ గ్లాడెన్ రూపంలో వచ్చినది. రెండవ బేస్ చేరిన అతనిని నాబ్లాక్ మూడవ బేస్‌కు చేర్చగా, జీన్ లార్కిన్ కొట్టిన బంతితో హోమ్ ప్లేట్ చేరాడు.

తరువాత

సిరీస్ ఉత్తమ ఆటగాడిగా మోరిస్ ఎంపికయ్యాడు. 1983లో అతడొక్కడే 20 కంప్లీట్ గేములు ఆడాడు. 2024లో ముప్పై జట్ల పిచర్లందరూ కలిసినా ఆ సంఖ్య 30 దాటలేదు. పిచర్ల భుజాల భద్రత కొరకు, బంతుల వేగం కొరకు జట్లు ఇప్పుడు ఒక్కో ఆటలో పలువురిని వాడుతున్నాయి. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్మోల్ట్జ్ 2015లో, మోరిస్ 2018లో చేరారు.