డాక్టరు చేతికి ముందే అందిన కాగితం

మూడు నెలలుగా బీపీ తగ్గలేదని రోగి కేసు షీటులోనే ఉంటుంది. అయినా మందు మారదు. ఫలానా మాత్ర వాడేవాళ్లకు లివరు పరీక్ష చేయించాలని డాక్టరుగారికి బాగా తెలుసు. అయినా ఆ పూట రాయరు. బయట నుంచి చూసేవాళ్లం దీన్ని నిర్లక్ష్యం అనేస్తాం. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ దీని కారణాన్ని వెతికారు. ఆయన వైద్యుడు, బయోమెడికల్ ఇంజనీరింగ్ కూడా చదివారు. 1972లో రీగన్‌స్ట్రీఫ్ సంస్థలో రోగుల వివరాలను కంప్యూటరుకెక్కించే పని మొదలుపెట్టారు. తొలి రోగులు షుగరు క్లినిక్కుకు వచ్చేవాళ్లు.

‘ఈ మందు వాడుతుంటే, ఈ పరీక్ష చేసి ఇన్నాళ్లయితే, గుర్తుచేయి’ అన్న తరహాలో కంప్యూటరుకు 390 నియమాలు తయారయ్యాయి. రోగిని చూడబోయే ముందే ఆ సూచనలు కాగితం మీద అచ్చయి డాక్టరు చేతికి అందేవి. తొమ్మిది మంది డాక్టర్లకు కొంతకాలం కాగితం ఇచ్చి, కొంతకాలం ఇవ్వకుండా చూశారు. 1976లో ఫలితం ప్రచురించారు. స్పందించాల్సిన సందర్భాల్లో కాగితం ఉన్నప్పుడు 51 శాతం, లేనప్పుడు 22 శాతం స్పందించారు.

నాకు ఈ శాతాలకంటే విలువైనదిగా తోచేది మరొకటి. ఎక్కువ శిక్షణ పొందినవారికీ తక్కువ పొందినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే లోటు చదువులో లేదు. అన్ని అంకెలను ఒకేసారి మనసులో పెట్టుకోవడం మనిషికి సాధ్యం కాదని మెక్‌డొనాల్డ్ తేల్చారు. ఆ మాట వైద్యుడే అనడం వల్ల దానికి బలం వచ్చింది.

కంప్యూటరు గుర్తుచేయాలంటే ముందు దానికి రిపోర్టు అర్థం కావాలి. హిమోగ్లోబిన్‌ను ఒక ల్యాబు ఒక రకంగా, ఇంకోటి ఇంకో రకంగా రాస్తే దానికవి రెండు వేర్వేరు పరీక్షలే. అందుకే 1994లో రీగన్‌స్ట్రీఫ్‌లోనే పరీక్షలకు ఉమ్మడి సంకేతాలిచ్చే ‘లోయింక్’ మొదలైంది. మన దేశం 2016లో ప్రకటించిన ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లోనూ అది ఉంది.

దీనికి ఖర్చూ ఉంది, అది డబ్బులో కాదు, సమయంలో. 1993లో రీగన్‌స్ట్రీఫ్ వారే ప్రచురించిన అధ్యయనంలో, వార్డు ఆర్డర్లు కంప్యూటరులో రాయించినప్పుడు రోగి బిల్లు 12.7 శాతం తగ్గింది. కానీ పది గంటల డ్యూటీలో జూనియర్ డాక్టరుకు ఆర్డర్లు రాయడానికే సగటున 33 నిమిషాలు ఎక్కువ పట్టింది. క్యూ తలుపు దాటి వరండాలోకి సాగే మన ఓపీల్లో కంప్యూటరు పెట్టేవాళ్లు, ఆ అరగంట ఎవరి డ్యూటీలోంచి వస్తుందో ముందే లెక్కవేయాలి.