హీరోకి డూపుంటాడు... మరి మనకో?

వెండితెర మీద హీరో మోటార్ సైకిలెక్కాడంటే హాల్లో ఈలలే ఈలలు! 1973లో 'బాబీ' వచ్చినప్పుడు రిషికపూర్, డింపుల్ ఎక్కి తిరిగిన ఆ పొట్టి రాజ్‌దూత్‌ని చూసి కుర్రకారు వెర్రెత్తిపోయింది. 1975లో 'షోలే' వచ్చి సైడ్‌కారుని స్నేహానికే గుర్తు చేసేసింది. ఆ తర్వాత ఎన్ని సినిమాలు, ఎన్ని బళ్లు! కానీ ఒక్క సంగతి గమనించారా? తెర మీద హీరోగారు హెల్మెట్ పెట్టుకోవడం బహు అరుదు. పెట్టుకుంటే మొహం కనిపించదు కదా! ఆ మొహం కోసమే కదా మనం టికెట్టు కొన్నది! తీరా బండి గాల్లోకి లేచే షాట్ వచ్చేసరికి చాలాసార్లు సీట్లో ఉండేది హీరో కాదు, డూపు. దెబ్బలు డూపువి, చప్పట్లు హీరోవి.

ఈ డూపు గొడవ ఇప్పుడెందుకంటారా? చెబుతాను. అంతకుముందు ఒకసారి యాప్రాల్ వెళ్లొద్దాం రండి.

సికిందరాబాదుకి ఉత్తరాన, బొల్లారానికీ సైనిక్‌పురికీ నడుమ ఉంది యాప్రాల్. ఇప్పుడది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. చుట్టుపక్కలంతా మిలిటరీవాళ్ల స్థలాలు. గోడ వెంబడి చెట్ల నీడలో చక్కటి రోడ్డు కొంతదూరం, ఆ తర్వాత కాలనీ సందులూ, కంకర కుప్పలూ, గుంతలూ. ఇక్కడి కుర్రాళ్లకి బండి ఒక్క సరదా కోసమే కాదు. కాలేజీకి అదే, ఉద్యోగానికి అదే, ఆదివారం అమ్మని ఎక్కించుకుని చర్చికి వెళ్లడానికీ అదే. చర్చిలకేం కొదవ లేదు. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణిగారు హైదరాబాదు వచ్చినప్పుడు ఆరాధనకి వెళ్లింది ఆ చర్చికే.

ఇలాంటి చోట ఏ చర్చి ముందైనా ఆదివారం పొద్దున కాసేపు నిలబడండి. బళ్లు వరసగా కనిపిస్తాయి. ఒకదాని హెడ్‌లైట్ మీద సిలువ గుర్తు, ఇంకోదాని నంబరు ప్లేటు పైన యేసు నామం, మరోదాని ట్యాంకు మీద బైబిలు వాక్యం. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే వాటిలో కొన్నింటికి హెల్మెట్ అద్దానికి వేలాడుతూ ఉంటుంది, ఇంకొన్నింటికి అసలే ఉండదు. "దేవుడున్నాడు బ్రదర్, ఏం కాదు" అంటారు. (నిమ్మకాయ కట్టుకున్నవాళ్లూ, తాయెత్తు కట్టుకున్నవాళ్లూ చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఈ జబ్బుకి మతభేదం లేదు.)

ఈ మాట కొత్తదేం కాదు. మత్తయి సువార్త నాలుగో అధ్యాయం తీసి చూడండి. సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెడతాడు. దూకు, దూతలు వచ్చి పట్టుకుంటారని లేఖనంలోనే రాసుంది కదా అని రెచ్చగొడతాడు. చూశారా, సాతాను చేతిలో కూడా వాక్యం ఉంది! మన భాషలో చెప్పాలంటే వాడి దగ్గరా స్టిక్కరుంది. యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదని చెప్పి ఊరుకున్నాడు. తండ్రి మీద ఆయనకి నమ్మకం లేకనా? ఉంది కాబట్టే దూకి నిరూపించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక లెక్కలోకి వద్దాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తున్నవాళ్లు. వెనక కూర్చున్నవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఇంట్లో ప్రార్థన చేసుకుని బయల్దేరినవాళ్లు ఆ యాభై వేలలో ఎందరుంటారో మీరే ఊహించుకోండి. ప్రార్థన పనిచేయలేదా అని మాత్రం నన్నడక్కండి. తల కాపాడుకోవడానికి బుద్ధీ, హెల్మెట్ కొనుక్కోవడానికి డబ్బూ ఇమ్మని అడిగితే ఆ రెండూ ఇచ్చినవాణ్ణి పట్టుకుని మూడోది కూడా చెయ్యమనడం న్యాయమేనా?

ఇప్పుడు డూపు దగ్గరికి వద్దాం. సినిమాలో హీరో బదులు డూపు దెబ్బలు తింటాడు. పేరు కూడా తెర మీద సరిగ్గా పడదు పాపం. క్రైస్తవుల నమ్మకంలో ఈ కథ తలకిందులైంది. అక్కడ హీరోయే కిందికి దిగొచ్చి, ఊరూ పేరూ లేని మనబోటివాళ్ల బదులు దెబ్బలు తిన్నాడు. 1978లో 'కరుణామయుడు'లో విజయచందర్ సిలువ మోస్తుంటే మతంతో పనిలేకుండా జనం కళ్లొత్తుకున్నది అందుకే. ఇంత గొప్ప మాటని పట్టుకుని, "నా బదులు ఆయన పడ్డాడు కాబట్టి ఇక నేను ఎలా నడిపినా పర్లేదు" అనుకుంటే? ఆయన మోసింది మన పాపాల బరువు, మోకాలిచిప్పల బీమా కాదు. ఒకరు మన కోసం అంత ఖరీదు పెట్టారని నిజంగా నమ్మినవాడు ఆ తలని తారురోడ్డుకి అప్పజెప్పడు. యాప్రాల్ కుర్రాళ్లతో నాకున్న పేచీ ఇదొక్కటే.

సరే, తిట్లు చాలు. బండి నిజంగా నేర్పే పాఠం ఒకటుంది. అది నాకు చాలా ఇష్టం.

కొత్తగా బండి నేర్చుకునేవాణ్ణి చూడండి. రోడ్డు మధ్యలో గుంత కనిపించగానే దాన్నే గుడ్లప్పగించి చూస్తాడు. పక్కన ఎంత చోటున్నా సరే, తిన్నగా వెళ్లి అందులోనే పడతాడు. ఇందులో మాయేం లేదు. కన్ను ఎటు పోతే తల అటు, తల ఎటు తిరిగితే భుజాలటు, భుజాలను బట్టి హ్యాండిలు. అందుకే నేర్పేవాళ్లు "గుంతను చూడకు, నువ్వు పోవాల్సిన దారి చూడు" అని అరిచి చస్తుంటారు. గుంత ఉందని తెలియాలి, కానీ చూపు దాని మీద నిలవకూడదు. ఇక పేతురు కథ గుర్తు తెచ్చుకోండి. రాత్రివేళ సముద్రం మీద నడిచి వస్తున్న యేసుని చూసి, తనూ పడవ దిగి నీళ్ల మీద అడుగేశాడు. నాలుగడుగులు బాగానే వేశాడు. ఎప్పుడైతే గాలివైపు దృష్టి మళ్లిందో అప్పుడు మునగడం మొదలెట్టాడు. గాలి అంతకుముందు లేదా? ఉంది. మారింది గాలి కాదు, చూపు. ఈ కథ మీద ఎన్నో ప్రసంగాలున్నాయి గానీ, కౌకూరు వైపు వానాకాలంలో ఓ వారం బండి నడిపినవాడికి ప్రసంగంతో పని లేకుండానే అర్థమైపోతుంది. పరీక్ష తప్పినవాడూ, ఉద్యోగం రానివాడూ, ప్రేమలో దెబ్బతిన్నవాడూ ఆ గుంతనే చూస్తూ నెలల తరబడి అందులోనే తిరుగుతుండటం మనం చూడ్డం లేదూ?

వెనక సీటు పాఠం ఇంకోటి. మలుపులో నడిపేవాడు బండిని ఓ పక్కకి వంచుతాడు. వెనకున్నవాడు భయపడి రెండో పక్కకి వాలాడో, బండి మొరాయిస్తుంది. "అన్నా, జర మెల్లగ పో" అనడం తప్పు కాదు. కానీ నోటితో నమ్మకం చెబుతూ ఒంటితో ఎదురు లాగితే ఇద్దరికీ ప్రమాదమే. దేవుణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టానని చెప్పుకునేవాళ్లు చాలామంది మలుపు రాగానే చేసే పని ఇదే.

అన్నట్టు, మోటార్ సైకిలుకీ చర్చికీ జత కుదిర్చినవాళ్లు ఇంగ్లండులో కూడా ఉన్నారు. 1959లో లండన్‌లోని హాక్నీ విక్‌లో ఒక చర్చి యువజన క్లబ్బు పెట్టింది. పేరు '59 క్లబ్'. ప్రారంభోత్సవానికి వచ్చిందెవరనుకున్నారు? పాటగాడు క్లిఫ్ రిచర్డ్! (మన లక్నోలో పుట్టినవాడే.) 1962లో ఫాదర్ బిల్ షెర్గోల్డ్ అనే ఆయన, తనూ బండి నడిపేవాడే, తోలుకోట్ల కుర్రాళ్లు గుమిగూడే ఏస్ కేఫ్‌కి వెళ్లి వాళ్లని ఆరాధనకి పిలిచాడు. మొదటిసారి గుండె చాలక, ఆగకుండా దాటిపోయాడని చెబుతారు. తర్వాత మళ్లీ వెళ్లాడు. ఊరంతా రౌడీలని ముద్రవేసిన ఆ కుర్రాళ్లు వచ్చారు. బళ్లని చర్చి లోపలికే తెచ్చుకున్నారు!

మనకీ ఓ కథ ఉంది, అదీ యాప్రాల్ పక్కనే మొదలైంది. 1895లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ బోధకుడు సికిందరాబాదు వచ్చి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనికి కుదిరాడు. దండులో కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. పల్లెల దారి పట్టి మెదక్ చేరాడు. అప్పుడు తారురోడ్డు లేదు, మోటారు లేదు, గుర్రమే దిక్కు. తర్వాత కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా 1914లో అక్కడ చర్చి కట్టడం మొదలుపెట్టాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గంటల గోపురం ఎత్తు 175 అడుగులు.

గుర్రం మీద వెళ్లిన ఆ దారిని ఇప్పుడు బండి మీద పోవచ్చు. యాప్రాల్ నుంచి సుమారు 90 కిలోమీటర్లు. బొల్లారం దాటాక, మేడ్చల్‌కి ముందే అవుటర్ రింగ్ రోడ్డు కింద నుంచో పక్క నుంచో పోవాల్సిందే, దాని మీదికి టూవీలర్లని రానివ్వరు. తూప్రాన్ మీదుగా వెళ్లి చేగుంట దగ్గర ఎడమకి తిరగాలి. బయల్దేరే ముందు టైర్లలో గాలి, చైను బిగువు, రెండు బ్రేకులూ చూసుకోండి. ముందు లారీకీ మీకూ మధ్య రెండు సెకన్లయినా ఎడం ఉంచండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతారు మరి.

పొద్దున్నే బయల్దేరడం మంచిది. ఆ చర్చిలో యేసు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఆ రంగులు బయటి ఎండ పడితేనే వెలుగుతాయి. సాయంత్రం చీకటి పడ్డాక లోపలికి వెళ్తే ఏమీ కనిపించదు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, నలిగిన క్రాపు చేత్తో సర్దుకుంటూ, పదకొండు గంటలకల్లా ఆ కిటికీల కింద నిలబడండి.