పాలతుత్తము

కృష్ణానది పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు వరిపంటకు ప్రసిద్ధి చెందినవి. ఆషాఢ శ్రావణములలో కాలువలకు నీరు రాగానే రైతులు నాట్లకు పూనుకొందురు. నాటిన రెండు మూడు వారములకు ఒక్కొక్క చేనిలో పైరు ఎదుగక నిలిచిపోవును. పైనుండి మూడవ, నాలుగవ ఆకుల నడిమి ఈనె పాలిపోవును. ముదురాకులపై ఇటుకరంగు మచ్చలు పుట్టును. ఆకును వంచినచో పెళుక్కున విరుగును. రైతు యూరియా చల్లును; అయినను పైరు పచ్చబడదు, దుబ్బు కట్టదు.

దీనికి కారణము పురుగు కాదు; నేలలో యశదము, అనగా జింకు, చాలకపోవుటయే. ఉత్తరభారతమున వరికి వచ్చు 'ఖైరా' వ్యాధికి ఈ లోపమే మూలమని పంత్‌నగరులోని వై. ఎల్. నెనె అను శాస్త్రజ్ఞుడు 1966లో వెల్లడించెను. నీరు నిలిచిన చేలలోను, సున్నము హెచ్చుగా గల నేలలలోను యశదము కరగని రూపము దాల్చి వేళ్ళకు అందకుండును. మొక్కకు కావలసినది రవ్వంతయే. కాని ఆ రవ్వంతకు బదులుగా వేరొక ఎరువు పనికిరాదు.

ఆ లోటును తీర్చు లవణమే జింకు సల్ఫేటు. దీనికే పాలతుత్తమని పేరు. దీనిని పాఠశాలలో ఉపాధ్యాయుని సమక్షమున తయారుచేయవచ్చును. గాజుపాత్రలో జింకు ముక్కలు వేసి సజల గంధకామ్లము పోసినచో బుడగలు పొంగును. అవి హైడ్రోజను వాయువు. ఆ వాయువు మండును గనుక దాపున దీపముండరాదు. జింకు కొంత మిగిలియుండగనే బుడగలు ఆగినచో ఆమ్లము పూర్తిగా వ్యయమైనట్లు గ్రహింపవలెను. పిమ్మట ద్రావణమును వడపోసి, వేరొకచోట సన్నని సెగపై చిక్కబరచి చల్లార్చినచో రంగులేని స్ఫటికములు ఏర్పడును.

ఈ స్ఫటికములు నీటిలో సులభముగ కరగును. ప్రతి అణువుతోను ఏడు నీటి అణువులు కూడియుండును; కాచినచో ఆ నీరు పోయి తెల్లనిపొడి మిగులును. నోట బడినచో వాంతులు కలుగును.

లోపముగల చేనికి ఎకరమునకు 20 కిలోలు ఆఖరి దుక్కిలో వేయుదురు. పైరుపై లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదేసి రోజుల ఎడముతో రెండు మూడు మారులు చల్లుదురు. భాస్వరపు ఎరువుతో కలుపరాదు. కలిపినచో రెండును కూడి కరగని పదార్థమగును.

ఇట్టి విషయములు బోధించుటకు బాపట్లలో 1945లోనే వ్యవసాయ కళాశాల వెలసినది. అయితే రైతుకు మరియొక ప్రమాదము కలదు. చూపునకు ఇట్లే యుండు చౌకయైన మెగ్నీషియము సల్ఫేటును కొందరు దీని పేర అమ్ముదురు. కొద్దిగా నీటిలో కరగించి, వడపోసి, కాస్టిక్ సోడా ద్రావణమును చుక్కలుగా వేసినచో రెండింటిలోను తెల్లని గంజివంటి మడ్డి ఏర్పడును. సోడాను ఇంకను చేర్చినచో పాలతుత్తపు మడ్డి కరగిపోవును; రెండవది కరగదు. బడిలో నేర్చిన ఈ చిన్న పరీక్ష ఒక కుటుంబము యొక్క ఏడాది కష్టమును కాపాడగలదు.