డ్రిప్పు తడి తగ్గితే ఎక్కడ వెతకాలి?

మిరప తోటలో సాలు మొదట్లో మొక్కలు పచ్చగా ఉండి, చివరికి వెళ్లేకొద్దీ తలలు వాలుస్తుంటే పల్నాడు రైతు నోట మొదట వచ్చే మాట ఒకటే: "డ్రిప్పర్లు పూడుకుపోయాయి." వెంటనే పైపును తట్టి చూడటం, సూదితో రంధ్రం పొడవటం మొదలవుతుంది. అదీ పని చేయకపోతే సాలు వెంట పరిచిన లేటరల్ పైపు మొత్తం పీకి కొత్తది వేస్తారు. చాలా తోటల్లో ఆ ఖర్చు అవసరం లేదు. తడి తగ్గింది సాలు చివర కావచ్చు గానీ, దానికి కారణం బోరు దగ్గరో, ఫిల్టర్ లోపలో, సగం మూసి మరిచిపోయిన గేటు వాల్వు దగ్గరో ఉండవచ్చు. మోటారు నుంచి మొదలుపెట్టి నీటి వెంటే నడుస్తూ, ప్రెషర్ ఎక్కడ పడిపోతోందో చూసుకుంటూ పోవాలి. లేటరల్ పీకడం ఆఖరి పని.

ముందు బోరు ఎంత పోస్తోందో తెలియాలి. డెలివరీ పైపు విప్పి 200 లీటర్ల డ్రమ్ములోకి వదిలి, ఫోనులో టైము చూడండి. ఒక లెక్క చెబుతాను. లేటరల్‌కూ లేటరల్‌కూ మధ్య ఒకటిన్నర మీటరు, డ్రిప్పర్‌కూ డ్రిప్పర్‌కూ మధ్య అర మీటరు ఉంటే ఎకరాకు సుమారు 5,400 డ్రిప్పర్లు పడతాయి. ఒక్కోటి గంటకు 2 లీటర్లు ఇచ్చేదైతే ఎకరా మొత్తం గంటకు 10,800 లీటర్లు అడుగుతుంది. అంటే నిమిషానికి 180 లీటర్లు. డ్రమ్ము నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లలో నిండాలి. అదే డ్రమ్ము నిండటానికి నిమిషం నలభై సెకన్లు పడితే బోరు ఇస్తున్నది నిమిషానికి 120 లీటర్లే. ఆ నీటితో ఎకరా మొత్తాన్ని ఒకేసారి తడపడం కుదరదు. డ్రిప్పర్లన్నీ కొత్తవైనా చివరి సాళ్లు ఎండుతాయి. దీనికి మందు యాసిడ్ కాదు. గేటు వాల్వులతో తోటను రెండు మడులు చేసి, ఒకదాని తర్వాత ఒకటి తడపడమే. కాలువ అందని మెట్టల్లో వాన వెనక్కి తగ్గాక బోర్లు దిగిపోవడం ఏటా ఉండేదే. కాబట్టి ఈ డ్రమ్ము పరీక్ష నాటినప్పుడు ఒకసారి, మొదటి కోత ముందు ఒకసారి చేసి ఆ అంకెలు గోడ మీదో పుస్తకంలోనో రాసిపెట్టుకోవడం మంచిది. పాత అంకె లేకపోతే తగ్గిందని చెప్పడానికి ఆధారం ఉండదు.

బోరు బాగుంటే తర్వాత ఆగాల్సింది ఫిల్టర్ల దగ్గర. ఇసుక ఫిల్టర్‌కు ముందు, స్క్రీన్ ఫిల్టర్‌కు తర్వాత రెండు ప్రెషర్ గేజులు ఉంటాయి. బిగించిన ఏడాదికే ముల్లు తుప్పు పట్టి ఒకేచోట నిలిచిపోయిన గేజులు పొలాల్లో చాలా కనిపిస్తాయి. అలాంటి గేజును నమ్మడం కంటే కొత్తది ఒక్కటి కొని, రెండు చోట్లా మార్చి మార్చి బిగించి చూడటం మేలు. ఒకే గేజుతో కొలిచినప్పుడు తేడాలో పొరపాటు ఉండదు.

ఆ రెండు అంకెలను ఎలా చదవాలన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం. ఫిల్టర్‌కు ముందు ఎక్కువగా, తర్వాత తక్కువగా చూపిస్తే మురికి ఫిల్టర్‌లో ఉంది. శుభ్రమైన ఫిల్టర్ల దగ్గర తేడా చాలా తక్కువ ఉంటుంది. అది అర కిలో వైపు వెళ్తుంటే బ్యాక్‌వాష్ చేయాల్సిందే. రెండు చోట్లా తక్కువగా చూపిస్తే బోరు తగ్గి ఉండాలి, లేదా ఎక్కడో పైపు పగిలి ఉండాలి, లేదా మోయగలిగిన దానికంటే ఎక్కువ వాల్వులు తెరిచి ఉండాలి. రెండు చోట్లా మామూలు కంటే ఎక్కువ చూపిస్తే మాత్రమే ముందుకు పోయే దారి మూసుకుపోతోందని అర్థం. ఆ మూసుకుపోయినది డ్రిప్పర్లూ కావచ్చు, ఎవరో కట్టేసిన వాల్వూ కావచ్చు. డ్రిప్పర్లు పూడితే ప్రెషర్ పడిపోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి ఎదురు: నీరు బయటికి పోలేక వెనక్కి నెడుతుంది, గేజు పైకి లేస్తుంది. ప్రెషర్ తక్కువ చూపిస్తున్న తోటలో యాసిడ్ పోయడం అంటే లేని రోగానికి మందు వేయడమే.

వెంచూరి దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. ఎరువు లాగడానికి మెయిన్ లైను వాల్వును కొంత మూస్తాం. ఎరువు అయిపోయాక దాన్ని పూర్తిగా తెరవకుండా వదిలేస్తే ఆ రోజు నుంచి తోటకు ప్రెషర్ అందదు. సీజను మధ్యలో ఉన్నట్టుండి వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సిన చోటు ఇదే.

ఇసుక ఫిల్టర్‌కు బ్యాక్‌వాష్ అంటే నీటిని కింది నుంచి పైకి తిప్పి ఇసుకను లేపి కడగడం. బయటికి వచ్చే నీరు తేటగా మారేదాకా చేయాలి. రెండు నిమిషాలు తిప్పి మూసేస్తే సగం మురికి లోపలే ఉంటుంది. ఏడాదికి ఒకసారి మూత విప్పి చేయి పెట్టి చూడండి. ఇసుక వేళ్ల మధ్య నుంచి జారాలి. గడ్డలుగా వస్తే సున్నం ఆ ఇసుకను అతికించేసిందన్న మాట. అప్పుడు నీరు గడ్డల పక్క సందుల్లోంచి వడకట్టకుండానే దూసుకుపోతుంది, బ్యాక్‌వాష్ కూడా పైపైనే ఉంటుంది. ఆ ఇసుక మార్చాలి. స్క్రీన్ ఫిల్టర్ జాలీలో ఇసుక రేణువులు కనిపిస్తే మాత్రం ఇసుక ఫిల్టర్ అడుగున ఉన్న జల్లెడ భాగం పగిలిందేమో చూడాలి.

పెద్ద హోటళ్లలోని ఉప్పు నీటి ఈత కొలనుల్లోనూ ఈ ఇసుక ఫిల్టరే, ఈ బ్యాక్‌వాషే ఉంటాయి. అక్కడ ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే సెల్లు పలకల మీద ఇదే సున్నం పేరుకుంటుంది. అయితే నీటి వేగం తగ్గగానే ఫ్లో స్విచ్ ఆ సెల్లును ఆపేసి హెచ్చరిస్తుంది. మిరప తోటలో ఆ కాపలా లేదు. గేజు చూసే రైతే ఆ పని చేయాలి.

ఇక సున్నం సంగతి. పల్నాడులో చాలా భాగం సున్నపురాయి మీద కూర్చున్న నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ రాయితోనే. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడును కలుపుకుని, ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బోరులోంచి పైకి వచ్చేటప్పుడు నీరు తేటగానే ఉంటుంది, సున్నం కంటికి కనపడదు. పైకి వచ్చి గాలి తగిలి, ఎండకు వేడెక్కినప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది. కరిగి ఉన్న సున్నం గట్టిపడి పైపు గోడకు అంటుకుంటుంది. ఇంట్లో గీజరు కాయిల్ మీద తెల్లగా కట్టే పొర ఇదే. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే నీరు లేనప్పుడు 600 వరకు సహించవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. తాగునీటి హద్దు అది. డ్రిప్పర్‌లో నీరు నడిచే సందు వెడల్పు మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. నిప్పులాంటి ఎండలకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. అలాంటి ఎండలో నల్లటి లేటరల్ కాలుతూ ఉంటే, తడి ఆపిన తర్వాత డ్రిప్పర్ పెదవి మీద మిగిలిన చుక్క ఆవిరై దాని సున్నాన్ని అక్కడే వదిలి వెళ్తుంది. రోజూ ఒక పొర.

అందరికీ అదే రోగం ఉండదు. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి తోడుకునే వాళ్లకు సున్నం కంటే ఒండ్రు, నాచు ఎక్కువ బాధ. అందుకే పూడింది దేనితో అన్నది తేల్చుకోవాలి. లేటరల్ చివర మూత విప్పి, వచ్చే మొదటి నీటిని తెల్లటి గిన్నెలో పట్టండి. పచ్చగా, జిగటగా వస్తే నాచు. గోధుమ రంగు బురద వస్తే ఒండ్రు, అంటే ఫిల్టర్ సరిగా పని చేయడం లేదు. ఎర్రటి పొడి ఇనుముకు గుర్తు. తెల్లటి పెళుసు ముక్కలు కనిపిస్తే ఒక దాని మీద పలచటి యాసిడ్ చుక్క వేయండి. చుయ్యిమని పొంగిందా, అది సున్నమే.

డ్రిప్పర్లను కొలవడమూ సులువే. 2 లీటర్ల డ్రిప్పర్ 3 నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు ఇవ్వాలి. మొదటి, మధ్య, చివరి లేటరళ్లు తీసుకుని ఒక్కోదానిలో మొదలు, నడుమ, చివర కొలవండి. చివరికి పోయేకొద్దీ వరసగా తగ్గుతూ ఉంటే అది ప్రెషర్ లోపం. ఒకటి నిండుగా, పక్కది సగంగా, ఆ తర్వాతది మళ్లీ నిండుగా, ఇలా చెదురుమదురుగా ఉంటే పూడిక. మామూలు డ్రిప్పర్లలో ప్రెషర్ సగానికి పడితే నీరు సగానికి పడదు, సుమారు 30 శాతమే తగ్గుతుంది. కాబట్టి చుక్క కూడా రాని డ్రిప్పర్‌ను చూసి ప్రెషర్‌ను నిందించడం సరికాదు.

సున్నమని తేలితే యాసిడ్. ముందు ఫిల్టర్లు కడిగి, లేటరల్ చివరలు విప్పి మురికి పోనివ్వాలి. తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్టులో 10 లీటర్ల బోరు నీళ్లు పట్టి, అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఒక్కో మిల్లీలీటరు చొప్పున కలుపుతూ పీహెచ్ కాగితం ముంచి చూడాలి. రీడింగు 4కు వచ్చేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. 8 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. నిమిషానికి 180 లీటర్ల తోటలో పావుగంటకు పోయే నీరు 2,700 లీటర్లు. దానికి కావలసిన యాసిడ్ రెండు లీటర్ల పైచిలుకు. పక్క రైతు ఎంత పోశాడన్నది మీకు కొలత కాదు. ఆయన బోరు నీరు వేరు. ఆ యాసిడ్‌ను ప్లాస్టిక్ డ్రమ్ములో పలచన చేసి వెంచూరి ద్వారా పంపి, చివరి డ్రిప్పర్ దగ్గర కాగితం 4 చూపించగానే మోటారు ఆపాలి. ఒక రోజు అలా వదిలేసి, మర్నాడు సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వు, లేటరల్ చివరలు తెరిచి కరిగిన సున్నాన్ని బయటికి తోసేయాలి.

ఎప్పుడూ నీటిలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీరు పోయకూడదు. ఎగిరి ముఖాన పడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, పిల్లలను పక్కన పెట్టుకుని ఈ పని చేయవద్దు. యాసిడ్ ఇనుమును తినేస్తుంది కాబట్టి ఇనుప ఫిల్టర్ దాటాకే ఎక్కించాలి. నాచుకు వాడే క్లోరిన్‌ను, యాసిడ్‌ను ఒకే రోజు, ఒకే డ్రమ్ములో కలపడం ప్రాణాంతకం. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడరులో కాల్షియం ఉంటుంది కాబట్టి సున్నపు నీళ్లలో అది ఇంకా సున్నం చేరుస్తుంది. ఆ నీళ్లకు ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైటు మేలు.

ఎరువుల దగ్గర కూడా పూడిక పుడుతుంది. కాల్షియం నైట్రేటును భాస్వరం ఉన్న ఎరువుతో ఒకే డ్రమ్ములో కలిపితే కళ్ల ముందే నీరు పాలలా తెల్లబడుతుంది. గుళికల డీఏపీ నానబెట్టి వదిలినా అడుగు మిగిలి డ్రిప్పర్లకు చేరుతుంది. మన నీటిలో ముందే కాల్షియం ఉంది కాబట్టి, కొత్త ఎరువు ఏదైనా ముందు ఒక గాజు సీసాలో బోరు నీళ్లతో కలిపి గంటసేపు పక్కన పెట్టి చూడండి. అడుగున తెల్లగా తేరితే అది లేటరల్‌లోకి వెళ్లకూడదు.

పూర్తిగా మూసుకున్న డ్రిప్పర్‌ను యాసిడ్ కూడా కాపాడలేదు. నీరు చొరబడని చోటికి యాసిడ్ నీరూ చేరదు. 3 నిమిషాల కొలతలో 100 మిల్లీలీటర్లు 85కు తగ్గినప్పుడే పని మొదలుపెట్టిన రైతు తోట తేరుకుంటుంది. 40కి దిగాక మొదలుపెడితే చాలా డ్రిప్పర్లు తిరిగి రావు, ఆ లేటరల్ మార్చక తప్పదు. మార్చేటప్పుడు ఇసుక, బోరు కొలత, గేజు తేడా మళ్లీ చూసుకుని, యాసిడ్ ఎన్నాళ్లకోసారి అవసరమైందో రాసుకున్న పుస్తకం పక్కన పెట్టుకుని కొత్తది పరచాలి.