365 మంది సరేనన్నా చట్టం కాలేదు

2019 జులై 10న అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు 365–65 ఓట్లతో నెగ్గింది. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి దక్కకూడదన్న పరిమితిని ఎత్తేయడానికి తెచ్చిన బిల్లు అది. ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ భారతీయుల్లో, వారిలోని వేలాది తెలుగు కుటుంబాల్లో ఎంత ఆశ పుట్టిందో చెప్పనక్కర్లేదు. కానీ అది చట్టం కాలేదు. ఎందుకు కాలేదో చూస్తే అక్కడి చట్టసభ నడిచే తీరు చాలావరకు తెలిసిపోతుంది.

కాంగ్రెస్ అని పిలిచే ఆ చట్టసభలో రెండు సభలున్నాయి. ప్రతినిధుల సభలో 435 స్థానాలు. పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి, వాటిని బట్టి రాష్ట్రాలకు స్థానాలు పంచుతారు. ఇప్పుడు కాలిఫోర్నియాకు 52, వయోమింగ్‌కు ఒక్కటే. సెనేట్‌లో మాత్రం జనాభాతో పనిలేదు, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున మొత్తం వంద మంది. నాలుగు కోట్లకు చేరువలో ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు పెద్ద రాష్ట్రాలకు, చిన్న రాష్ట్రాలకు మధ్య కుదిరిన రాజీ ఇది. ఓటరు లెక్కన చూస్తే న్యాయం కాదనే నాకనిపిస్తుంది. అయినా ఆ రాజీ లేకపోతే చిన్న రాష్ట్రాలు ఒప్పుకొనేవి కావు.

బిల్లు చట్టం కావాలంటే రెండు సభలూ ఒకే పాఠాన్ని, అక్షరం తేడా లేకుండా ఆమోదించాలి. మన దగ్గర లోక్‌సభ, రాజ్యసభలకు మాట కలవకపోతే ఉమ్మడి సమావేశం పెట్టి ఓటింగ్‌తో తేల్చే వీలుంది. అక్కడ అది లేదు. పైగా సెనేట్‌లో చాలా బిల్లులపై చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలన్నా అరవై మంది మద్దతు కావాలి. త్వరగా పని కావాలంటే ఇంకో దారి ఉంది: ఎవరికీ అభ్యంతరం లేదని ప్రకటించి ఆమోదించేయడం. కానీ ఒక్క సెనేటర్ లేచి కాదంటే ఆ దారి మూసుకుపోతుంది.

గ్రీన్‌కార్డు బిల్లుకు అదే ఎదురైంది. దానికి జోడుగా సెనేట్‌లో వచ్చిన బిల్లుకు 2019లో అభ్యంతరాలు వచ్చాయి. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా వరుస మారిస్తే లాభం లేదన్నారు డెమొక్రాట్ సెనేటర్ డిక్ డర్బిన్. బేరసారాలు ఏడాదికి పైగా సాగాయి. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ ఆమోదించింది, కానీ మార్పులతో. ఆ మార్పులకు ప్రతినిధుల సభ ఒప్పుకోవాలి. అది జరగకముందే 2021 జనవరి 3తో ఆ కాంగ్రెస్ గడువు తీరింది, దాంతోపాటు పెండింగు బిల్లులన్నీ మురిగిపోయాయి.

పార్టీ పెద్దలు గట్టిగా పట్టుబడితే అయ్యేది కదా అని మనకు అనిపిస్తుంది. అక్కడ ఆ పట్టు తక్కువ. అధ్యక్షుణ్ణి చట్టసభ ఎన్నుకోదు కాబట్టి, బిల్లు ఓడిపోతే ప్రభుత్వం పడిపోతుందన్న భయం లేదు. పార్టీ మాట కాదని ఓటేసినా సభ్యత్వం పోదు, ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని కొంతవరకైనా రద్దు చేయాలని రిపబ్లికన్లు పెట్టిన ప్రతిపాదన 2017 జులైలో సెనేట్‌లో 49–51తో వీగిపోయింది. మరో ఇద్దరు రిపబ్లికన్ మహిళా సెనేటర్లతో పాటు జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపి సొంత పార్టీకి వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన పదవికేమీ కాలేదు.

అన్నిటికన్నా పెద్ద తేడా టికెట్ దగ్గర ఉంది. పార్టీ అధ్యక్షుడు బీ-ఫారం చేతిలో పెట్టే పద్ధతి అక్కడ లేదు. ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే పార్టీ అభ్యర్థిని ఎంచుకుంటారు. 2014 జూన్‌లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడు ఎరిక్ కాంటర్, వర్జీనియాలో తన సొంత పార్టీ ప్రైమరీలోనే డేవ్ బ్రాట్ అనే అధ్యాపకుడి చేతిలో ఓడిపోయారు. అధిష్ఠానంలో ముఖ్యుడే ఆయన, అయినా ఆ అధిష్ఠానం ఆయన్ను కాపాడలేకపోయింది.

ప్రతినిధులది రెండేళ్ల పదవి, అందరికీ ఒకేసారి నవంబరులో ఎన్నికలు. సెనేటర్లది ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది ప్రజల ముందుకొస్తారు. 1913లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి.

ప్రతినిధుల సభ నియోజకవర్గాల హద్దులు చాలా రాష్ట్రాల్లో అక్కడి శాసనసభలే గీస్తాయి. అధికారంలో ఉన్న పార్టీ తన ఓటర్లు కలిసొచ్చేలా, ఎదుటివారి ఓటర్లు చెదిరిపోయేలా గీతలు గీస్తుంది. పార్టీ స్వార్థంతో గీసిన హద్దులపై తీర్పు చెప్పడం ఫెడరల్ కోర్టుల పని కాదని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. దీంతో చాలా స్థానాల్లో నవంబరులో ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతుంది, అసలు పోటీ ప్రైమరీలోనే అయిపోతుంది. ప్రైమరీ తేదీ రాష్ట్రానికొకటి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఏ పార్టీ ప్రైమరీ అయితే ఆ పార్టీ ఓటరుగా ముందే పేరు నమోదు చేసుకున్నవారికే అందులో ఓటు. అలాంటి రాష్ట్రాల్లో ఉంటూ పౌరసత్వం పొందిన మనవాళ్లు ఓటరుగా నమోదయ్యేటప్పుడే ఆ కాగితంలోని పార్టీ గడిని ఖాళీగా వదిలేయకుండా చూసుకోవాలి.